సీసాలో చీటీ

గొల్లపల్లి

సౌజన్యా,

అత్తాపూర్‌లోని జూలాజికల్ సర్వే మంచినీటి జీవుల కేంద్రంలో ఇంటర్న్‌షిప్ దొరికినా, వాగుల వెంట తిప్పకుండా నమూనాల గదిలో కూర్చోబెడతారని చిన్నబుచ్చుకున్నావట. మీ నాన్న చెప్పాడు. పో బిడ్డా, సందేహించకు. వాగులో పట్టిన ప్రాణి సాక్ష్యంగా నిలబడేది ఆ గదిలో జరిగే పనివల్లనే. స్పిరిట్ సీసాలో ఉన్న చేపకు ఏ ఊరి దగ్గర, ఏ నీళ్లలో, ఏ తేదీన, ఎవరు పట్టారో చెప్పే చీటీ లేకపోతే అది ఉత్త చేప. అందులో బాల్‌పెన్నుతో రాస్తే సిరా కరిగిపోతుంది, పెన్సిల్ రాత నిలుస్తుంది. మూత వదులైతే స్పిరిట్ ఆవిరై చేప ఎండిపోతుంది. గుమాస్తా పనిలా కనిపించేదాంట్లో ఇంత ఉంది.

మన కడప అడవుల కలివికోడినే తీసుకో. 1848లో జెర్డాన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త వల్ల లోకానికి తెలిసిన ఈ పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్నాక 1986లో లంకమల దగ్గర దొరికింది. దాని గుడ్డు ఎలా ఉంటుందో తేల్చింది మాత్రం అడవి కాదు. 1917లో కోలార్ ప్రాంతంలో సేకరించిన ఒక గుడ్డు స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో పడి ఉంటే, డీఎన్ఏ పరీక్షతో అది కలివికోడిదేనని 2013లో రుజువైంది. దాదాపు వందేళ్లు ఎవరో ఒకరు దాన్ని పగలకుండా, వివరాలు పోకుండా కాపాడారు. దీనికి పూర్తిగా ఎదురు కథ మైనర్ట్‌జాగెన్ అనే పక్షి నమూనాల సేకరణకర్తది. ఆయన వేరొకరు సేకరించిన ఫారెస్ట్ ఔలెట్ గుడ్లగూబ నమూనాను దొంగిలించి, 1914లో గుజరాత్‌లో తానే పట్టినట్టు చీటీ మార్చాడు. దాన్ని నమ్మినవాళ్లు లేనిచోట వెతికారు. ఆ చీటీని పక్కనపెట్టి పాత నిజమైన నమూనాల జాడ పట్టిన పమేలా రాస్ముసెన్ బృందానికి 1997లో మహారాష్ట్రలో ఆ పిట్ట కనబడింది.

ఫోన్‌లో ఫొటోలు ఉండగా ఈ సీసాలెందుకని నీ స్నేహితులు అడగొచ్చు. ఫొటోలో పెంకు మందం కొలవలేం. డీడీటీ అనే పురుగుమందు వాడకం మొదలయ్యాక డేగల గుడ్ల పెంకులు పలచబడ్డాయని డెరిక్ రాట్‌క్లిఫ్ 1967లో చూపింది పాత గుడ్ల సేకరణలతోనే. వాటిని దాచినవాళ్లలో డీడీటీని ఊహించినవాళ్లు ఎవరూ లేరు. మన ఎల్లంపల్లి దగ్గర ఆనకట్ట కట్టి గోదావరి నీళ్లు నిలపక ముందు అక్కడ ఏ చేపలు తిరిగేవో రేపు చెప్పాల్సింది కూడా తేదీ ఉన్న సీసాలే.

ప్రాణుల్ని చంపి దాచడం పాపం కాదా అన్న మాట మాత్రం బరువైనది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. 1972 వన్యప్రాణి చట్టం రక్షిత జీవుల్ని అనుమతి లేకుండా ముట్టనివ్వదు, అది మంచిదే. కానీ తీసిన ప్రాణం ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు చీటీ పోగొడితే ఆ చావు వృథా అవుతుంది. అందుకే ఆ గదిలో శ్రద్ధను నేను ధర్మమనే అంటాను. ఇంటర్న్‌షిప్‌తో ఉద్యోగం ఖాయం కాదన్న మీ నాన్న మాట నిజమే. అయినా ఈ క్రమశిక్షణ ఏ ప్రయోగశాలలోనైనా నీకు అక్కరకొస్తుంది.

తారీఖు చెరిగిన సీసా ఎదురైతే ఊహించి రాయకు బిడ్డా. తెలియదనే రాయి. కొత్త చీటీ పెట్టినా పాతదాన్ని పారేయకు, దాని పక్కనే ఉంచు.

మీ పెద్దనాయన