చప్పుడుకు లాగొద్దు

ముందు చెరువు చూడండి. ఆ తర్వాతే దుకాణం.

చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఫోన్‌లో ఓ వీడియో కనబడుతుంది. నీటిమీద రబ్బరు కప్ప గెంతుతూ వస్తుంటే, కింది నుంచి చేప నీళ్లు చీల్చుకుని వచ్చి దాన్ని అందుకుంటుంది. కర్నూలు కుర్రాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేలోగా రాడ్డు, రీలు, పది రంగుల లూర్లు ఆర్డరు పెట్టేస్తాడు. వీటిని ఎక్కడ వేయాలన్న ఆలోచన పెట్టె ఇంటికొచ్చాక మొదలవుతుంది. నంద్యాలకు బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చే పిల్లల గదుల్లోనూ ఇదే తంతు. సిలబస్ కాగితం మడత విప్పకముందే అలమర నిండా పుస్తకాలు. పనిముట్టు కొన్నాక పని వెతుక్కుంటే జేబూ, ఉత్సాహమూ ఒకేసారి ఖాళీ అవుతాయి.

అందుకే చివరి నుంచి మొదలుపెట్టండి. ఏ చేప? అది ఎక్కడుంటుంది? అక్కడికి ఏ ఎర చేరగలదు? ఆ ఎరను ఏ దారం లాగగలదు? ఆ దారానికి ఏ రాడ్డు జత? రీలు, రంగులు, టోపీ, కళ్లద్దాలు అన్నీ ఆఖర్న.

ఆ వీడియోలోని కప్పలాంటి టాప్‌వాటర్ లూరంటే నీటిపైనే కదులుతూ చేపను రెచ్చగొట్టే బొమ్మ ఎర. అమెరికాలో వీటిని జనం ఎక్కువగా వాడేది బాస్ చేప కోసం. 19వ శతాబ్దం చివర మిషిగన్ రాష్ట్రంలో తేనెటీగలు పెంచుకునే జేమ్స్ హెడన్ అనే ఆయన చెక్కతో కప్పను చెక్కుకుని బాస్ పట్టేవాడు. తర్వాత ఆయన పేరు మీదే పెద్ద లూర్ల కంపెనీ నడిచింది. మన చెరువుల్లో బాస్ లేదు. దానికి తీసిపోని కోపిష్టి ఒకటుంది, కొర్రమీను. తెలంగాణ తన రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నది దీన్నే. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. చెరువుల్లో గాలం వేయడం మీదే 1887లో ఇంకో పుస్తకం వేశాడు. ఆ కాలంలో కొర్రమీనుకు బతికున్న కప్పనే కొక్కేనికి గుచ్చేవాళ్లు. రబ్బరు కప్ప వచ్చాక ఆ ఉసురు తప్పింది.

టెక్సాస్ నుంచి సెలవులకొచ్చిన అన్న తన బాస్ పెట్టె మీకిచ్చి వెళ్లాడనుకోండి. సంతోషం. కానీ మూడు ముళ్ల కొక్కేలు వేలాడే పాపర్‌ను, అంటే కుదిపితే నీటిమీద చప్పుడు చేసే ఎరను, పోరుమామిళ్ల చెరువు గడ్డిలో వేస్తే రెండు విసుర్లకే నాచు మూట ఒడ్డుకొస్తుంది. అన్నకు పనికొచ్చింది అన్న చెరువులో. మీ ఎరను మీ చెరువే తేల్చాలి.

పోరుమామిళ్ల పేరెత్తాం కాబట్టి ఒక్క నిమిషం అక్కడే ఆగుదాం. విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువది. 1369 నాటి శాసనం అక్కడుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. అంతకన్నా విలువైన సంగతి ఏమంటే, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలూ, ఉండకూడని ఆరు దోషాలూ అందులో వరసగా చెక్కించారు. గట్టి బంకమన్ను కావాలి, తీపినీళ్ల ఏరు కావాలి, కట్టకు ఆనుకునేందుకు కొండ కావాలి, రాయి తీయడానికి గని కావాలి, పని తెలిసిన మనుషులు కావాలి. కట్టలోంచి నీరు కారకూడదు, నేల చవుడు కాకూడదు, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండకూడదు. గడ్డపార ఎత్తకముందే నేలను ఇంతగా ప్రశ్నించిన మనుషులు వాళ్లు. మనం ఇరవై సెకన్ల వీడియో చూసి కార్డు గీకేస్తున్నాం. తమాషా ఏమిటంటే, చెరువు కట్టేవాడికి దోషమైన ఆ నడిమి మెరకే గాలం వేసేవాడికి వరం. లోతు నుంచి మెరకకు ఎక్కే అంచున వేటచేప కాపు కాస్తుంది. ఒకే నేలలో తప్పొప్పులు మీరు ఏ పని మీద వచ్చారన్నదాన్ని బట్టి మారతాయి.

ఇప్పుడు సామాను. కొర్రమీను నాచులో, తామరాకుల కింద, గుర్రపుడెక్క సందుల్లో, మునిగిన కంపచెట్ల మొదట్లో ఉంటుంది. అందుకని ఎర బోలు రబ్బరు కప్ప కావాలి. దాని రెండు కొక్కేలు పైకి తిరిగి వీపుకు అతుక్కుని ఉంటాయి కాబట్టి ఆకుల మీద జారుతూ వస్తుంది, ఎక్కడా తగులుకోదు. మొదలుపెట్టడానికి 10 నుంచి 15 గ్రాముల కప్పలు రెండు చాలు, ఒకటి నల్లది, ఒకటి లేతది. దారం అల్లిక దారమే, అంటే బ్రెయిడ్, 40 పౌండ్లకు తగ్గకుండా. నైలాన్ దారం సాగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో మీరు ఇచ్చిన గుంజు సగం ఆ సాగుడులోనే కరిగిపోతుంది, కొర్రమీను గట్టి నోట్లో ముల్లు దిగదు. ఫ్లోరోకార్బన్ దారం మునుగుతుంది, పైన తేలాల్సిన ఎర ముక్కును కిందికి లాగుతుంది. బ్రెయిడ్ సాగదు, తేలుతుంది, నాచును కోసుకుంటూ వస్తుంది. రాడ్డు ఆరున్నర నుంచి ఏడడుగుల పొడవు, కొస చురుగ్గా, నడుము గట్టిగా ఉండాలి. ఎంత బరువు ఎర విసరగలదో రాడ్డు ఒంటిమీదే రాసి ఉంటుంది. ధర చీటీ కంటే ముందు అది చదవండి. 30 గ్రాములకు చేసిన రాడ్డుతో 6 గ్రాముల కప్పను విసిరితే అది మీ కాళ్ల దగ్గరే పడుతుంది. తప్పు చేతిదని మీరు ఏడాదిపాటు నమ్ముతారు. ఉద్యోగాల్లోనూ ఇలా తనను తాను తిట్టుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు చేతకాకపోవడం కాదు, చేతికి సరిపడని రాడ్డు దొరికింది, అంతే. మార్చుకోండి.

గాలి లేవకముందు, నీళ్లు అద్దంలా ఉన్నప్పుడు కప్పే మేలు. ఆషాఢంలో సీమ గాలులు లేచి చెరువు అలలు కొడుతుంటే మెత్తని కప్ప చేపకు వినబడదు. కాస్త తెరిపి నీరుంటే అప్పుడు పాపర్ తీయండి. ఒక కుదుపు ఇచ్చి ఆపండి, లేచిన వలయాలు చెదిరేదాకా కదిలించొద్దు. గాలిని వీపున పెట్టుకుని విసరండి. వేళ అంటారా, తెల్లవారుజామున, లేదంటే పొద్దు వాలాక. కడప ఎండల్లో మిట్టమధ్యాహ్నం చేపకు ఉన్న బుద్ధి మనకూ ఉండాలి.

కొర్రమీను నీళ్లలో బతికినా గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. ఆ గుటక చప్పుడు వినగానే దాని నెత్తిన కప్పను వేయకండి, బెదిరిపోతుంది. రెండు మూడు మీటర్లు ఆవల వేసి, దాని దారిలోకి నిదానంగా నడిపించండి. కొత్తగా పరిచయమైన పెద్దమనిషి దగ్గర పనుంటే కూడా నేను ఇదే చెబుతాను. కూర్చోగానే మొహం మీద అడగొద్దు.

ఇక అసలు ఘట్టం. బుడుంగుమని నీళ్లు పేలతాయి. కప్ప మాయమవుతుంది. ఆ క్షణంలో వందమందిలో తొంభైమంది చేసేది ఒకటే, రాడ్డును ఒక్క ఊపున వెనక్కి గుంజడం. కప్ప వచ్చి మొహానికి తగులుతుంది, చేప పోతుంది. కారణం సులువు. కొక్కేలు రబ్బరు వీపుకు అతుక్కుని ఉన్నాయని చెప్పాను కదా. చేప నోరు మూసి కప్పను నొక్కితేనే ముళ్లు బయటపడతాయి. చప్పుడయ్యేసరికి అది ఇంకా నోరు మూయలేదు. కట్టమీద పెద్దోళ్లు అనే మాటకు అర్థం ఇదే: “సప్పుడుకు గుంజొద్దబ్బీ, బరువు తగల్నీ.”

చేయాల్సింది ఇది. పేలిన వెంటనే రాడ్డు కొసను నీటివైపు దించండి. వదులు దారం చుట్టండి. చేతికి బరువు తగలగానే నడుము బలంతో ఒకే గుంజు. మొత్తం ఒకటి రెండు సెకన్ల పని. కానీ ఆ సెకను మనసుకు మహా పొడుగు. దాన్ని అలవాటు చేసుకున్నవాడికి చెరువు బయట కూడా పనికొస్తుంది. రాత్రి పదకొండింటికి ఆఫీసు గ్రూపులో ఎవరో మీమీద ఒక మాట విసిరారు. అది చప్పుడు. పొద్దున మేనేజరు పిలిచి వివరణ అడిగితే అది బరువు. అప్పటికి మాట సిద్ధంగా ఉండాలి. బావమరిది ఫోన్ చేసి “ఈరోజే అడ్వాన్సు కట్టకపోతే ప్లాటు పోతాది బావా” అంటే అదీ చప్పుడే. లింకు డాక్యుమెంట్లు చేతికొచ్చి, సర్వే నంబరు సరిపోలితే అది బరువు.

ఇక్కడ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలతో నాకు చిన్న పేచీ. అవి ఓర్పు ఓర్పు అని ఊదరగొడతాయి. కట్టమీద ఓర్పు పేరుతో నిద్రపోయేవాళ్లనూ చూస్తాం. బరువు తగిలాక కూడా ఆలోచిస్తూ నిలబడితే కొర్రమీను కంపలో దూరి దారాన్ని మోడుకు చుట్టేస్తుంది, లేదా రబ్బరు రుచి తెలిసి ఉమ్మేస్తుంది. బరువు తగిలేదాకా ఆగడం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత ఆగకపోవడం అంతే ముఖ్యం. అప్లికేషను నింపి ఆఖరి తేదీ దాటేదాకా దిద్దుకుంటూ కూర్చోవడాన్ని ఓర్పు అనరు. చేప బరువు తెలియాలంటే చేయి మెలకువగా ఉండాలి. ఆ మెలకువనే సాధన చేయండి.

తప్పిపోయిందా? గాబరాగా అదే చోట మళ్లీ మళ్లీ విసరకండి. ముళ్లు మొండిబారాయేమో గోటిమీద గీసి చూడండి, జారితే పదును పెట్టండి. కొంచెం ఆగి అదే దారిలో రెండోసారి నడపండి. కోపంతో ఉన్న కొర్రమీను చాలాసార్లు తిరిగి వస్తుంది.

ఒక్క చోట మాత్రం గాలం వేయొద్దు. నీటిమీద ఎర్రటి చిన్న చేపపిల్లల గుంపు కుతకుతలాడుతూ కనిపిస్తే కింద తల్లీ తండ్రీ కాపలా ఉన్నాయని అర్థం. అక్కడ ఎర వేస్తే తప్పక కొడతాయి, ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ కాపలా చేపను ఎత్తుకొస్తే గుంపును మిగతా చేపలు తినేస్తాయి. సులువుగా దొరికే గెలుపుల్లో వదిలేయాల్సినవి కొన్ని ఉంటాయి, ఇది అందులో మొదటిది.

చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిదో, వేలం పాడుకున్నవాళ్లదో అయి ఉంటుంది. ముందే వెళ్లి అడగండి. “అన్నా, గాలం వేసుకుంటా, పట్టింది మీ ఎదుటే వదిలేస్తా” అంటే కాదనేవాళ్లు తక్కువ, కాదంటే నమస్కారం పెట్టి రండి. శ్రీశైలం వెనుక నీళ్లలో కొంత భాగం పులుల అభయారణ్యంలోది, మొసళ్లున్న చోటు. అటు పోవద్దు.

ఎండాకాలం వస్తుంది. కుంటలు ఎండుతాయి, చెరువు అడుగు బయటపడుతుంది. గాలాలన్నీ అటకెక్కుతాయి. అసలు చదువుకు అదే అదను. నెర్రెలిచ్చిన చెరువులోకి దిగి నడవండి. పాత బావి ఎక్కడుంది, తూము ముందు గుంత ఎంత లోతు, వంక వచ్చి కలిసే కాలువ ఏ వంపు తిరిగింది, కంపచెట్లు ఎక్కడ గుంపుగా ఉన్నాయి, మెరక అంచు ఎటు జారింది, అన్నీ ఫోటో తీసి, కట్టమీద కనబడే గుడినో వేపచెట్టునో ఆనవాలు పెట్టుకుని రాసుకోండి. వానలకు చెరువు మరువ పారేనాటికి అందరికీ కనిపించేది నీళ్లే. మీకు నీళ్ల కింద ఊరు మొత్తం తెలిసి ఉంటుంది.

పనిలో పనిగా పాత కప్ప కొక్కేలు కట్టరుతో కత్తిరించి, ఇరవై మీటర్ల దూరంలో ఒక తట్ట పెట్టి అందులో పడేలా విసరడం నేర్చుకోండి. దారిన పోయే గొర్రెల కాపరి “నీళ్లు లేని సెరువులో యేం పడ్తాండవప్పా?” అని నవ్వుతాడు. నవ్వనివ్వండి. మంద దాటాక మళ్లీ విసరండి, రాడ్డు కొస కిందికి పెట్టి, మణికట్టుతోనే.