ఎథనాల్‌తో కారు నడుపుట: తెలిసికొనదగిన సంగతులు

చెరకునుండి తీసిన ఎథనాల్‌తో కార్బురేటరు గల కారు నడువగలదా యని గ్రామములలో పలువురు అడుగుచుందురు. నడువగలదు. కాని ఇంధనమును మార్చుటకు ముందు యంత్రమును మార్చవలెను.

1973లో ముడిచమురు ధరలు హఠాత్తుగా పెరుగగా, చెరకు విస్తారముగా పండు బ్రెజిల్ దేశము 1975 నవంబరు 14వ తేదీన జాతీయ ఆల్కహాల్ పథకమును ప్రారంభించెను. 1979లో కేవలము ఆల్కహాల్‌తో నడుచు ఫియట్ 147 కారు అచ్చట అమ్మకమునకు వచ్చెను. దానికి ఉన్నది కార్బురేటరే.

చేయవలసిన మార్పులు ఇవి. ఒక పాలు పెట్రోలు మండుటకు బరువున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. ఎథనాల్‌కు 9 పాళ్లు చాలును. కావున అదే గాలికి ఎథనాల్ ఎక్కువగా పోయవలెను. జెట్టు రంధ్రపు వైశాల్యము ఇంచుమించు ఒకటిన్నర రెట్లు కావలెను. అనగా 1.20 మిల్లీమీటర్ల జెట్టుకు బదులు సుమారు 1.50 మిల్లీమీటర్లది అమర్చవలెను. ఇది చేయక నడిపినచో మిశ్రమము పలుచనై, ఇంజను వేడెక్కి, వాల్వులు, పిస్టనులు చెడును.

ఎథనాల్ కొన్ని రకముల రబ్బరును ఉబ్బజేయును. కొన్ని లోహములకు తుప్పు పట్టించును. కనుక గొట్టములు, వాషర్లు తగిన రకమునకు మార్చవలెను. ఇది గాలిలోని తేమను పీల్చును గనుక ట్యాంకు మూత బిగుతుగా ఉండవలెను. చలిలో ఇంజను సులభముగా అంటుకొనదు. అందుకే బ్రెజిల్ కార్లలో ఆరంభమునకు చిన్న పెట్రోలు ట్యాంకు పెట్టిరి.

లాభమును కలదు. ఎథనాల్‌కు ఆక్టేను విలువ అధికము. కావున సిలిండరులో మిశ్రమమును మరింత గట్టిగా నొక్కి ఎక్కువ శక్తిని రాబట్టవచ్చును. వేగపు కార్లవారు దీనిని కోరుట ఇందుకే. కాని లీటరుకు శక్తి పెట్రోలులో సుమారు మూడింట రెండు వంతులే గనుక ఖర్చగు లీటర్లు పెరుగును.

బ్రెజిల్ నేర్పిన పాఠము మరియొకటి. 1980లలో చమురు ధర తగ్గెను. మిల్లులకు పంచదార చేయుటయే లాభమయ్యెను. 1989–90లో ఆల్కహాల్ కొరత ఏర్పడి, దానితో మాత్రమే నడుచు కార్ల యజమానులు మిక్కిలి ఇబ్బంది పడిరి. 2003లో రెండు ఇంధనములతోను నడుచు కార్లు వచ్చిన పిమ్మట జనులకు మరల నమ్మకము కలిగెను.

మన దేశమున పెట్రోలులో ఎథనాల్ కలుపుట 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరినది. కావున పాత కార్బురేటరు బండ్లుగలవారు గొట్టములను పరీక్షింపించుకొనుట, ట్యాంకులో నీరు చేరకుండ చూచుకొనుట మేలు. నీరు చేరినచో ఎథనాల్ దానితో కలిసి అడుగునకు దిగి ఇంజనును ఆపివేయును.

పంచాయతీ సభ్యులు ప్రజలకు ఈ మాటలు చెప్పవలెను. అనుమతి లేక స్పిరిటు నిలువ చేయరాదు. బండి ఇంధనమును మార్చుటకు రిజిస్ట్రేషను అధికారి ఆమోదము పొందవలెను. శుద్ధ ఎథనాల్ మంట పగటివేళ సరిగా కనబడదు. కావున దాని దగ్గర నిప్పు ఉంచరాదు. ఇంధనపు స్పిరిటులో విషపదార్థములు కలుపుదురు. దానిని త్రాగినవారి ప్రాణములకే ముప్పు.