మాట తడబడితే... స్పీచ్ థెరపీ

హాస్టల్లో అటెండెన్స్ పిలిచేటప్పుడు "ప్రజెంట్ సార్" అనబోయి మాట గొంతులోనే ఆగిపోయే మిత్రులను మనం చూస్తూనే ఉన్నాం. వెనుక నుంచి ఎవరో కిసుక్కున నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడి జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తని వారున్నారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో స్పీచ్ థెరపీ గురించి రాస్తున్నాం.

నత్తి తెలివితక్కువతనం కాదు. ఎక్కువగా 2 నుంచి 5 ఏండ్ల మధ్య మొదలై, చాలామందికి దానంతటదే పోతుంది, కొందరికి మిగిలిపోతుంది. నత్తి ఉన్నవారు పాట పాడితే, నలుగురితో కలిసి పాఠం చదివితే మాట సాఫీగా వస్తుంది, గమనించండి. అంటే లోపం నాలుకలో లేదన్నమాట. థెరపిస్టు మొదటి అక్షరాన్ని మెల్లగా అందుకోవడం, ఆగినచోట గింజుకోకుండా వదులు చేయడం నేర్పుతారు. మాట ఆగినప్పుడు మనం అందించకూడదు, వాళ్లనే పూర్తి చేయనివ్వాలి.

కొందరు చిన్నపిల్లలు కాకిని 'తాతి' అంటారు. 'క'కు నాలుక వెనుక భాగం లేవాలి, 'త'కు కొన పండ్లకు తగలాలి. అద్దం ముందు కూర్చోబెట్టి ఈ తేడా చూపిస్తారు.

మాటలు ఆలస్యమైతే మన ఊళ్లలో వస అరగదీసి నాకిస్తారు. వాగుడుకాయను 'వసపిట్ట' అనడం అందుకే కాబోలు! కానీ చెవి వినబడని బిడ్డకు వసతో మాట రాదు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి.

పెద్దలకూ ఈ అవసరం ఉంది. కుడివైపు పక్షవాతం వచ్చిన తాతలకు కొందరికి మాట పడిపోతుంది. మెదడు ఎడమ భాగానికి, మాటకు గల సంబంధాన్ని 1861లో పారిస్ వైద్యుడు బ్రోకా చూపించాడు. అలాంటి తాతకు చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది, మాటే దొరకదు. "ఆయనకేం తెలుస్తది" అని ఆయన ముందే అనడం ఎంత అన్యాయం! బొమ్మలు చూపి, అవును-కాదు ప్రశ్నలతో, అంకెలు వరుసగా అనిపించి థెరపీ మొదలుపెడతారు.

ముంబైలో 1983లో ఏర్పడిన వినికిడి-మాట సంస్థకు హైదరాబాద్‌లో పుట్టిన అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉంది. హుజూరాబాద్ నుంచి అంత దూరం పోలేని వారు మండలాల్లోని భవిత కేంద్రాల్లో అడగవచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏండ్లలోపు వారికి పరీక్షలు ఉచితం. ఆ బృందం బడికి వచ్చిన రోజు సిగ్గుపడి దాక్కోకుండా పేరు రాయించుకోండి.