కలప గుజ్జు దిగుమతులు: చైనా, భారత్

శంషాబాద్ విమానాశ్రయ కార్గోలో మందులకు పెద్దపీట. కలప గుజ్జు మాత్రం బరువెక్కువ, ధర తక్కువ సరుకు కాబట్టి ఓడలోనే వస్తుంది. తెలంగాణకు తీరం లేదు; రేవు నుంచి రైలో లారీయో ఎక్కాల్సిందే. దిగుమతి సరుకుల హెచ్‌ఎస్ (హార్మోనైజ్డ్ సిస్టమ్) వర్గీకరణలో గుజ్జుది 47వ అధ్యాయం, కాగితానిది 48. పరీక్ష అభ్యర్థులు తరచూ తారుమారు చేసే జంట ఇది.

ప్రపంచంలో గుజ్జుకు అతిపెద్ద దిగుమతిదారు చైనా, అతిపెద్ద ఎగుమతిదారు బ్రెజిల్. 1998 యాంగ్జీ వరదల తర్వాత చైనా సహజ అడవుల నరికివేతను కట్టడి చేసింది. 2021 నుంచి చిత్తుకాగితం దిగుమతినీ ఆపేయడంతో గుజ్జు అవసరం ఇంకా పెరిగింది. భారత్ దిగుమతి దానితో పోలిస్తే చాలా తక్కువ. 1988 జాతీయ అటవీ విధానం ముడిసరుకును రైతుల దగ్గర కొనమని పరిశ్రమకు చెప్పింది. భద్రాచలం దగ్గర సారపాక మిల్లుకు జామాయిల్, సుబాబుల్ అలా ఎక్కువగా పొలాల నుంచే వస్తాయి. రేయాన్ గుజ్జు తీసిన ములుగు జిల్లా కమలాపురం మిల్లు 2014లో మూతపడింది. దీన్ని సిర్పూర్ కాగజ్‌నగర్‌తో కలపొద్దు: అదీ 2014లోనే ఆగినా 2018లో జేకే పేపర్ చేతికి వెళ్లి మళ్లీ నడిచింది.

పట్టిక ప్రశ్న వస్తే ముందు అది టన్నులా, డాలర్లా చూడండి. ధర పెరిగిన ఏడాది సరుకు తగ్గినా విలువ పెరగొచ్చు.