క్లౌడుకు నీరుగంటి - హైపర్‌వైజర్ ఎంపిక

మా గోరంట్ల వైపు చెరువు నిండిన ఏడు ఆయకట్టు రైతులందరికీ కావలసిన మనిషి నీరుగంటి. చెరువు ఆయనది కాదు, పొలమూ ఆయనది కాదు. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంతసేపు పారించాలో మాత్రం ఆయన చేతిలో ఉంటుంది. ఒకే పెద్ద సర్వర్ మీద పది కంప్యూటర్లు విడివిడిగా నడిచేటట్టు చేసే హైపర్‌వైజర్ పని కూడా ఇదే. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు - వీటిని వంతులు వేసి పంచుతుంది. ఒకరి మడి నీళ్లు ఇంకొకరి మడిలోకి పొర్లకుండా గట్టు కాస్తుంది. ఈ వర్చువల్ మెషిన్లే క్లౌడుకు పునాది.

ఇది నిన్న మొన్నటి విద్య కాదు. ఐ.బి.ఎం. వారు 1972లోనే వి.ఎం./370 తెచ్చారు. యంత్రాన్ని ఇట్లా పంచాలంటే ప్రాసెసరుకు ఉండవలసిన లక్షణాలేవో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సిద్ధాంతీకరించారు. మన బల్లల మీది ఇంటెల్ ప్రాసెసర్లకు ఆ లక్షణాలు పూర్తిగా లేవు. 1999లో వి.ఎం.వేర్ ఆదేశాలను అప్పటికప్పుడు తర్జుమా చేసి, 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి జెన్ ఆపరేటింగ్ సిస్టమునే కాస్త మార్చి ఆ లోటును దాటాయి. 2005-06లో ప్రాసెసర్లలోనే ఏర్పాటు వచ్చాక దారి సుళువైంది. 2007 ఫిబ్రవరిలో, 2.6.20 కూర్పుతో, కె.వి.ఎం. లినక్స్ కెర్నెల్‌లో భాగమైంది.

ఇక మన కాలేజీ వంటి సంస్థ సొంతంగా చిన్న క్లౌడు పెట్టుకోవాలంటే ఏది తీసుకోవాలి? వేగం పట్టికలు చూసి తేల్చమంటారు కొందరు. మన ప్రయోగశాల పనులకు ఆ తేడా కనిపించనే కనిపించదు. అడగవలసింది వేరే ఉంది: తూము తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

వి.ఎం.వేర్ పనితనానికి వంక పెట్టలేం. అయితే 2023 నవంబరులో ఆ కంపెనీని బ్రాడ్‌కామ్ కొన్నది. డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మార్చింది. ఉచిత కూర్పును 2024 ఫిబ్రవరిలో తీసేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చింది. గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలియని డిపార్టుమెంటు ఈ ఊగిసలాట తట్టుకోగలదా? మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన హైపర్-వి సర్వర్ కూడా 2019 కూర్పుతో ఆగింది. విండోస్ సర్వర్ లైసెన్సులు ముందే ఉన్నచోట హైపర్-వి బాగానే నప్పుతుంది. జెన్ మీద 2006లో మొదలైన అమెజాన్ ఇ.సి.2 సైతం 2017లో కె.వి.ఎం. ఆధారిత నైట్రో వైపు మళ్లింది.

నా ఓటు కె.వి.ఎం.కే. లైసెన్సు ఖర్చు లేదని మాత్రమే కాదు. అందులో ప్రతి వర్చువల్ మెషినూ లినక్స్‌లో ఒక మామూలు ప్రాసెస్. 'టాప్' అని కొట్టి ఏది ఎంత తింటోందో విద్యార్థి కళ్లారా చూడవచ్చు. కోడు విప్పి చదవవచ్చు కూడా. రెండు మూడు సర్వర్లకైతే పైన ప్రాక్స్‌మాక్స్ చాలు. ఓపెన్‌స్టాక్ పెద్ద ఏనుగు, దాన్ని మేపడానికే మనుషులు కావాలి.

ఏది ఎంచుకున్నా మెమరీ లెక్క తప్పదు. 64 జి.బి. సర్వర్ మీద ఎనిమిదేసి జి.బి.ల మెషిన్లు పది పెట్టవచ్చు. అన్నీ ఒకేసారి మేలుకోనంత కాలం నడుస్తుంది. ఫలితాల రోజున మేలుకుంటాయి! అప్పుడు డిస్కును మెమరీగా వాడుకుంటూ అంతా చతికిలబడుతుంది. సగం నిండిన చెరువు కింద నీరుగంటి ఆయకట్టంతా నాటనిస్తాడా? ప్రాసెసరు కోర్లను కొంత ఎక్కువ పంచినా ఫరవాలేదు, మెమరీతో ఆ ధైర్యం వద్దు.

నడుస్తున్న మెషినును ఒక సర్వర్ నుంచి మరొక దానికి మార్చాలనుకుంటే రెండింటి ప్రాసెసర్లూ ఒకే వంశానివై ఉండాలి. అగ్గువకు దొరికిందని ఒకటి ఇంటెల్, ఒకటి ఎ.ఎం.డి. కొనకండి. పాత యంత్రాలతో మొదలుపెట్టేవారు ముందు బయోస్‌లోకి వెళ్లి చూడండి, చాలా వాటిలో వర్చువలైజేషన్ సదుపాయం ఆపే ఉంటుంది.