తోటపని - జీవనోపాధి
రుషికొండ తీరమున పని వెదకు యువకులకు కొన్ని సూచనలు

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణమునకు సముద్రపు ఒడ్డున పోవు రోడ్డుమీద రుషికొండ యున్నది. దీని చుట్టుపట్ల నున్న ఎండాడ, మధురవాడ మొదలగు గ్రామములు ఒకప్పుడు మెట్టసేద్యముతోను, తోటలతోను బ్రతికినవి. నేడు ఆ భూములలో చాలభాగము ఇండ్లస్థలములుగను, కళాశాలలుగను, హోటళ్లుగను, కంప్యూటరు కంపెనీల భవనములుగను మారినది. భూమి చేయిజారిన కుటుంబములలోని యువకులు "మాకు తెలిసినది మన్ను, మొక్క మాత్రమే, ఈ పట్టణములో దానికి విలువ యేమి?" అని అడుగుచుందురు.

విలువ గలదు. ఆ భవనముల చుట్టును చెట్లు, పచ్చికబయళ్లు, పూలమొక్కలు కావలెను. నగరపాలక సంస్థకు, 2018 లో ఏర్పడిన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థకు, ఉక్కు కర్మాగారమునకు, రేవునకు, జంతుప్రదర్శనశాలకు, విశ్వవిద్యాలయములకు, పెద్ద అపార్టుమెంటులకు తోటపని తెలిసినవారి అవసరము నిత్యము ఉండును. అయితే ఒక్క మాట ముందే గుర్తుంచుకొనవలెను. మొక్కను నాటువానికి ఆ రోజు కూలి మాత్రమే దొరకును. దానిని మూడేండ్లు బ్రతికించువానికి జీవనము దొరకును. ఈ రెండవ విద్య సముద్రపు ఒడ్డున అంత సులభమైనది కాదు.

హుదూద్ నేర్పిన పాఠము

2014 అక్టోబరు 12 వ తేదీన హుదూద్ తుపాను విశాఖవద్ద తీరము దాటినది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి నగరములోని చెట్లు లెక్కకు మించి కూలినవి. కొండలు ఎండిపోయినట్లు గోధుమరంగుకు తిరిగినవి. పిమ్మట నాటుట పెద్ద ఎత్తున జరిగినది. ఇట్టి సమయములలో త్వరగా పచ్చబడు మొక్కల కొరకు అందరును తొందరపడుదురు. కాని త్వరగా పెరుగుట ఒక్కటే మంచి గుణము కాదు. దేశములో అనేక పట్టణములందు రోడ్లవెంట నాటిన కోనోకార్పస్ అను చెట్టును ఇక నాటరాదని గుజరాత్ ప్రభుత్వము 2023 లో ఉత్తరువు చేసినది. నాటిన చెట్టును తిరిగి తీయించుట రెట్టింపు ఖర్చు.

గాలికి చెట్టు ఏల కూలును? సిమెంటు నడుమ ఇరుకుగోతిలో వేరు విస్తరింపలేదు. నాటునాడే సంచిలో చుట్టుకొన్న వేరు పెద్దయిన తరువాత కూడ అట్లే యుండి చెట్టును పట్టి నిలుపలేదు. పైన కొమ్మలు దట్టమై తెరచాపవలె గాలిని పట్టును. ఈ మూడింటిలో రెండు నాటువాని చేతిలోనివి, ఒకటి పెంచువాని చేతిలోనిది.

ఈ నేలకు తగిన మొక్కలు

రుషికొండ నేల ఎర్రగరుసు, అడుగున రాయి. నీరు త్వరగా ఇంకిపోవును. సముద్రపు గాలిలోని ఉప్పు ఆకులమీద చేరి అంచులను మాడ్చును. కావున సముద్రమునకు ఎదురుగా నుండు వరుసలో ఉప్పుగాలికి తట్టుకొను సరుగుడు, పొన్న, గంగరావి, కానుగ, బాదము, తాటి, కొబ్బరి వంటివి ఉండవలెను. ఇసుకమీద మొగలిని, నేలబారుగా పాకి ఊదాపూలు పూయు తీగను పీకివేయరాదు. అవి ఇసుకను పట్టి నిలుపును. ఈ వరుస చాటున వేప, నేరేడు మొదలగునవి బాగుగా పెరుగును. పూలకు కాగితపుపూలు, గన్నేరు, దేవగన్నేరు తగినవి. అయితే గన్నేరు విషపు మొక్క గనుక పిల్లలు ఆడుచోట నాటరాదు. పచ్చికకు గరికజాతులు మేలు.

బోరునీటిని పరీక్ష చేయింపక పని ఒప్పుకొనరాదు. తీరమున కొన్ని బోర్లలో ఉప్పదనము ఎక్కువగా నుండును. ఆ నీటితో మెత్తని మొక్కలను పెంచబూనుట వృథా.

నాటు విధానము

చెట్టుజాతులకు మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గల గొయ్యి వేసవిలోనే త్రవ్వి ఎండనీయవలెను. రాయి తగిలినచో లోతు తగ్గినను వెడల్పు పెంచవలెను. పైమట్టిలో బాగుగా చివికిన పశువుల ఎరువును, చెరువుమట్టిని కలిపి గొయ్యి నింపవలెను. తొలకరి వర్షములు పడిన వెంటనే నాటినచో ఈశాన్య ఋతుపవనముల నాటికి వేరు కొంత నిలద్రొక్కుకొనును.

ప్లాస్టిక్ సంచిని కోసి పూర్తిగా తీసివేయవలెను. చుట్టుకొన్న వేళ్లను పదునైన కత్తెరతో కత్తిరించవలెను. మొక్కకు ఇరుప్రక్కల రెండు వెదురుకర్రలు పాతి కొబ్బరితాటితో వదులుగా కట్టవలెను. కాండము కొంచెము కదలుచున్నగాని బలపడదు. ఏడాది దాటిన పిదప త్రాడు కాండమును కోయకుండ విప్పవలెను. పాదులో ఎండుటాకు పరచినచో తేమ నిలుచును. వేసవిలో వారమునకు ఒకటి రెండుసార్లు ఆకులమీద మంచినీరు చల్లినచో ఉప్పు కడుగుకొనిపోవును.

తుపానుల కాలమునకు ముందు, అనగా సెప్టెంబరులో, ఎండుకొమ్మలను, దట్టమైన లోపలికొమ్మలను తీసి గాలి దూరుటకు సందు చేయవలెను. చెట్టు తలను నరుకరాదు. అట్లు నరికినచోట పుట్టు కొమ్మలు బలహీనముగా నుండి ముందుగా విరుగును. కరెంటు తీగలకు దగ్గరగా నున్న కొమ్మలను, కరెంటు నిలిపివేసినట్లు రూఢి చేసికొననిదే ముట్టరాదు.

మొక్క ఎచ్చటిది?

విశాఖకు వచ్చు మొక్కలలో చాల భాగము తూర్పుగోదావరి జిల్లా కడియము, కడియపులంక నర్సరీలలోనివి. గోదావరి నీరు, ఒండ్రుమట్టి, అంటుకట్టుటలో తరతరముల చేతివాటము, దగ్గరలోని జాతీయ రహదారి ఆ ప్రాంతమునకు దేశమంతట పేరు తెచ్చినవి. కాని అక్కడి నీడలో, తేమలో పెరిగిన మొక్కను లారీ దించిన మరునాడే రుషికొండ గాలిలో నాటినచో వాడిపోవును. రెండు మూడు వారములు ముందు అరనీడలోను, పిమ్మట ఎండలోను, తుదకు గాలి తగులుచోటను ఉంచి అలవాటు చేయవలెను.

ఇందులోనే స్థానిక యువకులకు ఒక వ్యాపారము గలదు. పది సెంట్ల స్థలము, మంచినీరు, నీడవల ఉన్నచో మొక్కలను తెచ్చి ఇక్కడి గాలికి అలవాటు చేసి అమ్మవచ్చును. కానుగ, పొన్న వంటివాటిని విత్తనము నుండి స్వయముగా పెంచుకొనవచ్చును. సంచులు నింపుట, కలుపు తీయుట స్త్రీలకు అప్పగించి ఊరకుండక అంటుకట్టుట కూడ నేర్పించినచో వారి కూలియు, మీ నర్సరీ పేరును పెరుగును. నర్సరీ ప్రారంభించువారు ముందుగా ఉద్యానశాఖవారిని కలిసి రిజిస్ట్రేషను నియమములు తెలిసికొనవలెను.

చదువులు, ఉద్యోగములు

పదవ తరగతి చదివినవారికి ఉద్యానవిద్యలో రెండేండ్ల డిప్లొమా గలదు. ఇంటర్మీడియటులో జీవశాస్త్రము చదివినవారు ప్రవేశపరీక్ష వ్రాసి నాలుగేండ్ల ఉద్యాన బి.యస్సీ. చేయవచ్చును. ఇవి వెంకటరామన్నగూడెములోని డాక్టరు వై.యస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయము ఆధ్వర్యమున నడచును. ఇట్లు చదివినవారిలో చాలమంది 2019 లో గ్రామ ఉద్యాన సహాయకులుగా ఉద్యోగములు పొందిరి. తోటల నక్షలు గీయుటయందు ఆసక్తి గలవారు ముందు భవన నిర్మాణశిల్పములో పట్టము పొంది, పిమ్మట విజయవాడలోని ప్రణాళిక, నిర్మాణశిల్ప సంస్థ వంటిచోట పైచదువు చదువవచ్చును. చదువు తక్కువగా నున్నవారు తోటమాలి శిక్షణ పొంది సర్టిఫికెటు తీసికొనవచ్చును.

ఏ చదువైనను మంచి మాలివద్ద రెండు ఋతువులు పని చేయనిదే పూర్తికాదు. పార, గునపము, కత్తెర పట్టుట చిన్నతనమని తలచువారు ఈ వృత్తిలోనికి రాకుండుటే మేలు.

కాంట్రాక్టు ఒప్పుకొను ముందు

మాలిగా కొంతకాలము పనిచేసినవారు సొంతముగా పనులు ఒప్పుకొందురు. లాభనష్టములు తేలునది ఇక్కడనే. ఒక ఉదాహరణ చూడుడు. మొక్క, గొయ్యి, ఎరువు, కర్రలు, కూలి కలిపి ఒక్కొక్క మొక్కకు 300 రూపాయలు ఖర్చనుకొనుడు. 100 మొక్కలకు 30,000 రూపాయలు. మీరు 36,000 రూపాయలకు ఒప్పుకొంటిరి. చనిపోయినవాటిని తిరిగి నాటు బాధ్యత మీదే. 10 మొక్కలు చనిపోయినచో 3,000 పోయి 3,000 మిగులును. 20 చనిపోయినచో ఏమియు మిగులదు. 30 చనిపోయినచో చేతినుండి 3,000 పెట్టవలెను. లాభము బేరములో కాదు, మొక్క బ్రతుకుటలో నున్నది.

కావున ఒప్పందమును కాగితముమీద వ్రాయించుకొనుడు. నీరు ఎవరు ఇత్తురు, కాపలా ఎవరిది, ఎన్ని నెలల పోషణ, డబ్బు ఎన్ని విడతలలో ఇత్తురు అను నాలుగు విషయములును అందులో ఉండవలెను. పోషణ ఖర్చును నాటు ఖర్చులో కలుపక వేరుగా అడుగుడు. బిల్లులు ఆలస్యమగుట ఈ వృత్తిలో సామాన్యము గనుక, మూడు నెలల కూలికి సరిపడు సొమ్ము చేత లేనిదే పెద్ద పని ఒప్పుకొనరాదు.

ఇప్పుడు చేయవలసినది

ఈ వేసవిలో మీ ఇంటి చుట్టును పది గోతులు త్రవ్వుడు. తొలకరికి ఐదు రకముల మొక్కలను, రకమునకు రెండు చొప్పున నాటుడు. నాటిన తేదీ, పోసిన నీరు, ఆకు మాడిన దినము ఒక పుస్తకములో వ్రాయుడు. రెండు వేసవులు గడచునప్పటికి ఆ పుస్తకము మీ సర్టిఫికెటుకు తోడుగా నిలుచును. పని ఇచ్చువారికి దానిని, బ్రతికిన మొక్కలను చూపవచ్చును. సందేహములున్నచో మీ గ్రామ ఉద్యాన సహాయకుని గాని, దగ్గరలోని ఉద్యానశాఖ అధికారిని గాని సంప్రదించుడు.