మట్టిలో ప్రాణం ఎంత?

మట్టి అంటే వొట్టి రాతిపొడి కాదు. చిటికెడు మట్టిలో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు వుంటాయి. ఆకు అలములను కుళ్ళబెట్టి, వాటిలోని నత్రజని, భాస్వరాలను తిరిగి పైరుకు అందించేవి ఇవే. వీటి మొత్తం రాశినే సూక్ష్మజీవ ద్రవ్యరాశి అంటారు. దీన్ని సాధారణంగా కర్బనం లెక్కలో చెబుతారు.

మరి కొలిచేదెలా? ప్రాక్టికల్స్‌లో చేసే అగార్ ప్లేటు లెక్క ఇక్కడ చాలదు. మట్టిలోని బాక్టీరియాలో చాలా కొద్ది భాగమే ప్లేటు మీద పెరుగుతుంది. పైగా ఒకే బూజు పోగు ముక్కలైతే అనేక కాలనీలుగా కనిపిస్తుంది.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రానికి చెందిన జెంకిన్సన్, పౌల్సన్‌లు 1976లో ఒక చక్కని ఉపాయం చెప్పారు. చంపి కొలవడం! మట్టికి క్లోరోఫారం ఆవిరి పట్టి, ఆ ఆవిరిని తీసేసి, చిటికెడు తాజా మట్టి కలిపి 10 రోజులు వుంచితే, కొత్తగా చేరినవి చచ్చినవాటిని తింటాయి. అప్పుడు వెలువడే కార్బన్ డై ఆక్సైడును బట్టి లెక్క కట్టారు. కానీ బాగా ఆమ్లమైన నేలల్లో ఈ పద్ధతి కుదరలేదు. అందుకని 1987లో వాన్స్, బ్రూక్స్, జెంకిన్సన్‌లు చచ్చిన కణాల కర్బనాన్ని నేరుగా ద్రావణంలోకి లాగే పద్ధతిని ఇచ్చారు.

చేసే తీరు ఇది. తడి ఆరని మట్టిని 2 మి.మీ. జల్లెడ పట్టి రెండు సమభాగాలు చెయ్యాలి. ఎండబెట్టకూడదు, ఎండితే కొన్ని కణాలు ముందే చచ్చిపోతాయి. ఒక భాగాన్ని డెసికేటరులో క్లోరోఫారంతో పాటు వుంచి, అది మరిగే దాకా పంపుతో గాలి లాగి, 25 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర చీకట్లో 24 గంటలు వుంచాలి. తర్వాత పంపుతో పదే పదే లాగి ఆవిరి మొత్తం తీసెయ్యాలి. దీన్ని 0.5 మోలార్ పొటాషియం సల్ఫేటు ద్రావణంతో అరగంట కుదిపి వడపోసి, వచ్చిన ద్రావణంలో కర్బనం ఎంతో కొలవాలి. క్లోరోఫారం పట్టని రెండో భాగానికీ ఇదే చెయ్యాలి.

రెండు జాగ్రత్తలు. క్లోరోఫారం విషం గనుక పని అంతా ఫ్యూమ్ కబ్బర్డులోనే జరగాలి. ఇక బజారు క్లోరోఫారంలో తరచు ఆల్కహాలు కలిపి వుంటుంది. దాన్ని తొలగించకపోతే ఆల్కహాలులోని కర్బనం కూడా సూక్ష్మజీవుల ఖాతాలో పడుతుంది!

ఆవిరి పట్టిన గ్రాము మట్టిలో 310, పట్టని దానిలో 130 మైక్రోగ్రాముల కర్బనం వచ్చిందనుకుందాం. తేడా 180. కణాల కర్బనం అంతా ద్రావణంలోకి రాదు గదా! అందుకని తేడాను 0.45తో భాగిస్తే 400 వస్తుంది. 1987 నాటి గుణకం 0.38తో భాగిస్తే సుమారు 474. మట్టి అదే, కొలత అదే, జవాబు మాత్రం వేరు. కాబట్టి ఏ గుణకం వాడామో రాయని అంకెకు విలువ లేదు.

ఇంత శ్రమ ఎందుకంటారా? డెన్మార్కులో రెండు చోట్ల 18 ఏళ్ళు గడ్డిని నేలలో కలిపి దున్నారు. మొత్తం సేంద్రియ కర్బనం సుమారు 5 శాతమే పెరగగా, సూక్ష్మజీవుల కర్బనం ఒక చోట 37, మరో చోట 45 శాతం పెరిగిందని 1987లో ప్రకటించారు. నేల బాగుపడుతున్నా, పాడవుతున్నా మొదట కబురు చెప్పేది ఈ కంటికి కనిపించని జీవులే. ఆ కబురు సరిగా వినాలంటే మన కొలత సరిగా వుండాలి.